మా ఆవిడ పేరు నలభై ఒక్కసార్లు

జనవరి 9

ప్రోటీన్ల మీద పరిశోధన చేసే పెద్దమనిషి గారికి,

ఒక లిఫ్టు మెకానిక్ నమస్కరించి రాసేది. మీరు నన్నెరగరు. మొన్న ఆదివారం దాకా నేనూ మిమ్మల్నెరగను. ఎరగకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

మా ఆవిడ కూడా మీలాగే మాలిక్యులర్ బయాలజీ శాస్త్రవేత్త. కణంలో డీఎన్ఏ దారం తెగితే అతికించే ప్రోటీను ఒకటుందట. పదమూడేళ్ళ పైగా దాని వెనకే తిరుగుతోంది. ఈ ఏడాది ప్రొఫెసర్ ప్రమోషన్‌కి దరఖాస్తు పెట్టుకుంది. దానికి తన చరిత్రంతా జతచేయాలి. ఏ పేపర్లు రాసింది, ఎక్కడ అచ్చయ్యాయి, ఎవరెవరు వాళ్ళ పేపర్లలో ఈవిడ పేపర్లని పేరు పెట్టి ప్రస్తావించారు, అన్నీను. అరవై రెండు పేజీలు, నాలుగు కాపీలు. సైన్సు ఆవిడది, స్టేప్లర్ నాది. మా ఇంట్లో పని పంపకం ఎప్పుడూ అంతే.

స్టేపుల్ కొడుతూ పేజీల మీద కన్నేశాను. ఆ ప్రస్తావనల్ని సైటేషన్లంటారట. మొత్తం నాలుగు వందల పన్నెండు. వాటిలో ఒక పేరు మళ్ళీ మళ్ళీ తగిలింది. వేలు పెట్టి లెక్కపెట్టాను. అనుమానం తీరక ఇంకోసారి లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఇంటిపేరూ, పొడి అక్షరాలూ అంతే, ఆ పేరు మీది.

"ఎవరీ మనిషి?" అని అడిగాను.

"ఎవరో" అంది.

అయ్యా, పన్నెండేళ్ళ కాపురంలో మా ఆవిడ నోట "ఎవరో" అన్న మాట నేను వినలేదు. వీధి చివర చెప్పులు కుట్టే ఆయన గురించి అడిగితే ఆయన చిన్నకూతురికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో కూడా చెప్పే మనిషి. అలాంటిది "ఎవరో" అని ఊరుకోకుండా నా చేతిలో కాగితం లాక్కుని పేజీ తిప్పేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

నేను పెద్దగా చదువుకోలేదు. కానీ ఒక మగవాడు ఇంకొకడి భార్య పేరు నలభై ఒక్కసార్లు తలుచుకుంటే దాన్నేమంటారో తెలుసుకోడానికి డిగ్రీలక్కర్లేదు. తాళి కట్టినవాణ్ణి, నేనే రోజుకి రెండుసార్లు మించి పిలవను. కాబట్టి వెంటనే ఆపండి.

జవాబంటూ రాస్తే వర్క్‌షాపు చిరునామాకే రాయండి. ఇంటికి వద్దు.

ఇట్లు,
సదరు ఆవిడకి ఉన్న ఒకే ఒక్క భర్త

తా.క.: మీ ముఖం ఎలా ఉంటుందో చూద్దామని మీ సంస్థ వెబ్‌సైటు తెరిచాను. బిల్డింగ్ ఫొటో ఒక్కటే ఉంది. దాన్ని బట్టి మీ లిఫ్టు పాతికేళ్ళ నాటిదని తెలుస్తోంది. జాగ్రత్తగా ఎక్కండని చెప్పాలని మాత్రం అనిపించలేదు.

జనవరి 20

లిఫ్టు మెకానిక్ గారికి,

మీ ఉత్తరం చేరింది. చేత్తో చిరునామా రాసిన కవరు మా ల్యాబ్‌కి వచ్చి ఎన్నేళ్ళయిందో! విద్యార్థులంతా చుట్టూ మూగితే పైకి చదివాను. అక్కడే తప్పు చేశాను. ఇప్పుడు నేను కారిడార్‌లో కనపడితే చాలు, ఎవరో ఒకరు "నలభై ఒకటి" అని గొణుగుతున్నారు.

సైటేషనంటే తలుచుకోవడం కాదండీ. మీరు లిఫ్టు బాగుచేశాక "ఇందులో వేసిన తాడు ఫలానా కంపెనీది" అని కాగితం మీద రాస్తారు కదా. ఆ కంపెనీ యజమాని మీద మనసుపడి రాస్తారా? ఇదీ అంతే. ఎవరి పని మీద కాలుపెట్టి నేను పైకెక్కానో రాయాలి. రాయకపోతే దొంగతనం కింద లెక్క.

మీ మనశ్శాంతి కోసం ఇంకో మాట చెబుతాను. ఆ నలభై ఒకటిలో ఏడు చోట్ల మీ ఆవిడ పేరెత్తింది ఆమె చెప్పింది తప్పని రాయడానికే. ఇక హాయిగా ఉండండి.

ఇట్లు,
ఎవర్నీ తలుచుకోని మనిషి

తా.క.: ఉత్తరంలో నన్ను "అయ్యా" అన్నారు. నేను ఆడమనిషిని. రిటైర్మెంటుకి ఆరేళ్ళుంది. పెళ్ళి చేసుకోలేదు. పదమూడేళ్ళుగా మీ ఆవిడ నన్ను ఊపిరి తీసుకోనిస్తే కదా!

తా.క. 2: మా లిఫ్టు మూడో అంతస్తు దగ్గర గట్టిగా కుదుపుతుంది. ఎందుకంటారు?

ఫిబ్రవరి 1

మేడం గారికి,

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మీ మొదటి తా.క. చదివి గుండెల మీంచి కుంపటి దించినట్టు ఊపిరి పీల్చుకున్నాను. వర్క్‌షాపులో అందరికీ టీ ఇప్పించాను. టీ తాగుతూ మీ ఉత్తరం మళ్ళీ చదివితే అప్పుడు కనపడింది ఆ ముక్క. ఏడు చోట్ల తప్పు!

ఏ ఏడండీ?

మా ఆవిడ సంగతి మీకు తెలియదు. గోడకి మేకు కొట్టమంటే స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచి, చివరికి మేకే వంకరగా ఉందని తేల్చే మనిషి. ఆవిడ లెక్క తప్పుతుందా? నేను ఆవిణ్ణి మొదటిసారి చూసిన రోజు సంగతి చెబుతాను, అప్పుడు మీరే ఒప్పుకుంటారు.

పదమూడేళ్ళ క్రితం వాళ్ళ బిల్డింగ్‌లో లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. నేను వెళ్ళి తలుపు సందులోంచి "లోపలెవరు?" అని అరిచాను. "ముందు దీన్ని అందుకోండి" అంటూ ఒక ఐసు బకెట్టు బయటికి వచ్చింది. మనిషి గంటంపావుగా చీకట్లో ఇరుక్కుని ఉంది. తనని ఎప్పుడు దించుతారని ఒక్కమాట అడగలేదు. "ఐసు కరిగిపోతే నా ఎనిమిది నెలలు పోతాయి" అని ఏడ్చింది. నేను ఆ బకెట్టు పట్టుకుని మూడంతస్తులు పరుగున ఎక్కి, ఫ్రిజ్‌లో పెట్టించి, వచ్చాకే ఆవిణ్ణి దించాను. ఆవిడ మొదటి పేపరు పుట్టింది ఆ బకెట్లో ఉన్నదానితోనేనట. అంత ఒళ్ళు దాచుకోని మనిషిని పట్టుకుని తప్పంటారా?

మీరు పొగిడితే మగవాడనుకుని మండిపడ్డాను. తిడితే ఆడమనిషైనా ఊరుకోను. మంచికీ వద్దు, చెడుకీ వద్దు, ఇక మీదట మీ పేపర్లలో మా ఆవిడ పేరే ఎత్తకండి.

ఇట్లు,
బకెట్టు మోసినవాడు

తా.క.: లిఫ్టు పట్టాల మీద జారే షూలు అరిగిపోయి ఉంటాయి. మార్పించండి. కోపం వేరు, లిఫ్టు వేరు.

ఫిబ్రవరి 16

బకెట్టు మోసినవారికి,

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనివ్వండి.

పదమూడేళ్ళ క్రితం అదే ప్రోటీను మీద నేనూ పనిచేశాను. మీ ఆవిడది ఎనిమిది నెలల కష్టం, నాది నాలుగేళ్ళది. ఫలితం తేలింది, పేపరు రాశాను, పంపేలోపు ఆమెది అచ్చయింది. తేడా పదకొండు రోజులు! అప్పట్నించి ఆ ప్రోటీను పేరెత్తిన ప్రతిసారీ "దీన్ని మొదట కనుక్కున్నది ఫలానా ఆవిడ" అని నా చేత్తో నేనే రాసుకోవాలి. నలభై ఒకటిలో ఏడు తీసేస్తే ముప్పై నాలుగు. ముప్పై నాలుగు సార్లు నా కడుపుమంట నేనే అచ్చువేయించుకున్నాను. ఇప్పుడు మీ ఉత్తరం చదివాక తెలిసింది, ఆ పదకొండు రోజులు ఎవరి కాళ్ళు తెచ్చిపెట్టాయో! బాబూ, ఆ రోజు మీరు కాస్త నెమ్మదిగా మెట్లెక్కి ఉంటే మీ సొమ్మేం పోయేది?

అంతకంటే బాధ ఇంకోటుంది. మీ ఆవిడవి పంతొమ్మిది పేపర్లు. పంతొమ్మిదీ నేను చదివాను. చదివానేం, వెతికాను. నా పేరు ఒక్కదాంట్లోనూ లేదు. పోనీ తప్పని అనడానికైనా ఎత్తవచ్చు కదా! ముప్పై నాలుగు మెచ్చుకోళ్ళకి, ఏడు తిట్లకి కలిపి బదులు సున్నా. మీరు స్టేపుల్ కొట్టిన ఆ అరవై రెండు పేజీల్లో నా పేరుంది. నా చరిత్ర రాసుకున్న అరవై పేజీల్లో ఆమె పేరు లేదు.

ఏమైతేనేం, మీ కోరిక తీర్చాను. నిన్ననే కొత్త పేపరొకటి పంపాను. మీ ఆవిడ పేరు అక్కడ తప్పనిసరి కాదు, అలవాటుగా పడింది. తీసేశాను. బిగుతు చెప్పు విప్పినంత హాయిగా ఉంది.

ఇట్లు,
పదకొండు రోజులు ఆలస్యమైన మనిషి

తా.క.: షూలు మార్పించాను. కుదుపు పోయింది. మీరంటే ఒళ్ళు మండుతున్నా ఈ మాట చెప్పక తప్పడం లేదు.

మే 28

అక్కయ్య గారికి,

తమ్ముడనుకోండి, పనివాడనుకోండి, మునిగిపోతున్నాను, చెయ్యందించండి.

మీ కొత్త పేపరు అచ్చయింది. మంగళవారం పొద్దున్న మా ఆవిడ టీ తాగుతూ కంప్యూటర్లో తెరిచింది. చివరి పేజీలోకి వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ చివరికి పోయింది. టీ చల్లారిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"వదిలేసింది" అంది.

"ఎవరు?"

"ఎవరో" అంది. ఈసారి "ఎవరో" అని చల్లారిన టీ సింకులో పారబోసింది.

ఆ రోజునుంచి సరిగ్గా తినడం లేదు. ఉన్న స్టవ్వే మూడుసార్లు తోమింది. "నా పని పాతబడిపోయిందేమో, ఇక పట్టించుకోవాల్సిన అవసరం లేదనుకుందేమో" అని గోడతో మాట్లాడుతోంది. ప్రమోషన్ దరఖాస్తు వెనక్కి తీసుకుందామా అని కూడా అంది. నేను వారం రోజులు జలుబుతో ముక్కు చీదినా పట్టించుకోని మనిషి, మీరు ఒక్కసారి పేరు రాయకపోతే ఇలా అయిపోయింది. అక్కయ్య గారూ, నిజం చెప్పాలంటే మీరు మగవాడని అనుకున్న రోజుల్లో కూడా నాకింత కుళ్ళు పుట్టలేదు.

ఇంకోటి. ఆవిడ బల్ల కింది సొరుగు ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుంది. నూనె రాద్దామని లాగాను. నిండా మీ పేపర్లే. మొదటిదాన్నించి వరసగా, ఒక్కటీ వదలకుండా. అన్నిటి మీదా ఎర్ర పెన్సిలు గీతలు.

ఆ రోజు ఆవేశంలో పేరు తీసేయమన్నాను. అడుసు తొక్కాను, ఇప్పుడు కాలు మీరే కడగాలి. దయచేసి ఆవిడ పేరు మళ్ళీ వేయండి. నలభై రెండైనా సరే, యాభై అయినా సరే.

ఇట్లు,
చేసుకున్నవాడికి చేసుకున్నంత

తా.క.: పేరు తీయమన్నది నేనేనని ఆవిడకి తెలిస్తే లిఫ్టు లేని బిల్డింగ్ పై అంతస్తు నుంచి నన్ను నేరుగా కిందికి దింపుతుంది.

జూన్ 8

తమ్ముడికి,

ఎర్ర పెన్సిలా?

ఉత్తరం పట్టుకుని ల్యాబ్‌లో రెండు చుట్లు తిరిగాను. పదమూడేళ్ళుగా గోడకి చెప్పుకుంటున్నానని అనుకున్నాను. గోడ అవతల చెవి ఆనించి కూర్చుందన్నమాట! గీతలు ఎక్కడున్నాయి? పక్కన ఏం రాసింది? చూసి రాయి. ముఖ్యంగా నా ఆరో పేపర్లో మూడో బొమ్మ దగ్గర ఏముందో తప్పకుండా చూడు. ఆ బొమ్మంటే నాకు ప్రాణం.

అచ్చయిన పేపర్లో పేరు చేర్చడం ఇక నా చేతిలో లేదు. తరువాతిదాంట్లో వేస్తాను. కానీ నాకూ ఒక కోరికుంది. ఆమె పేపర్లో నా పేరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి కనపడాలి. ఎలా చేస్తావో నీ ఇష్టం.

కొన్నాళ్ళు నేను నీకు రాయలేను. ఒక ఫైలు వచ్చింది. ఎందుకని అడగకు.

ఇట్లు,
నీ ఆలస్యపు అక్కయ్య

తా.క.: ఆమె దిగులుపడుతోందని చదివి సంతోషించాను. సంతోషించినందుకు సిగ్గుపడ్డాను. ముందు సంతోషం, తరువాతే సిగ్గు.

ఆగస్టు 20

అక్కయ్య గారికి,

రాయలేనన్నారు కానీ కోపమొచ్చిందనే నా అనుమానం. రెండు నెలలు దాటింది. పోస్టుమాన్ నన్ను చూసి జాలిపడి కరెంటు బిల్లులు కూడా నవ్వుతూ ఇస్తున్నాడు.

మీరు చెప్పిన పని చేయబోయి కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. భోజనాల దగ్గర ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టాను.

"ఆ నలభై ఒక్కసార్ల ఆవిణ్ణి నువ్వూ ఒకసారి ప్రస్తావిస్తే ఏం పోయింది?"

మా ఆవిడ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "ఆవిడా? ఆడమనిషని మీకెవరు చెప్పారు?"

"లిఫ్టు మెకానిక్‌కి అన్నీ తెలుస్తాయి" అన్నాను.

"ఏ లిఫ్టులో?"

దగ్గొచ్చినట్టు దగ్గి పెరట్లోకి పోయాను. అప్పట్నించి ఆవిడ నన్ను మైక్రోస్కోపు కింద పెట్టినట్టు చూస్తోంది. ఏమీ అడగదు. అడిగినా బాగుండేది. కానీ నిన్న ఆవిడ భుజం మీంచి తొంగిచూశాను. రాస్తున్న పేపర్లో మీ ఇంటిపేరు కనపడింది! ఒట్టు!

మీరడిగిన ఆరో పేపరు, మూడో బొమ్మ చూశాను. చుట్టూ ఎర్ర గీత. పక్కన ఇలా ఉంది: "ఛ! ఇది నాకెందుకు తట్టలేదు?" కింద ఇంకో రోజు రాసినట్టుంది: "చదివితే నిద్రపట్టదు. పేరు రాస్తే ఒప్పుకున్నట్టవుతుంది. రాయను."

ఇప్పుడైనా కోపం పోయిందా? వచ్చే నెల కమిటీ కూర్చుంటుందట. ఆవిడ పదమూడేళ్ళ కష్టం ఆ బల్ల మీద ఉంటుంది. నావల్ల, నా ఓర్వలేనితనం వల్ల ఆవిడకి ఒక్క మార్కు తగ్గినా నేనింక ఆ ఇంట్లో తలెత్తుకోలేను.

ఇట్లు,
పెరట్లోంచి రాస్తున్న తమ్ముడు

తా.క.: మీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ఆవిడవి కోలగా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకుని పోట్లాడుకున్నవాళ్ళలా ఉన్నారు.

సెప్టెంబరు 24

తమ్ముడికి,

కూర్చుని చదువు. నిచ్చెన మీద ఉంటే ముందు దిగు.

నాకొచ్చిన ఫైలు మీ ఆవిడదే. బయటి నిపుణురాలిగా ఆమె పనిని తూకం వేయమని కమిటీ నాకే పంపింది. అందుకే నోరు కట్టేసుకున్నాను. తీసుకునేముందు నిజం చెప్పాలి కదా, ఫోన్ చేసి చెప్పాను: "ఈమె భర్తకీ నాకూ ఉత్తరాలు నడుస్తున్నాయి. నేను తీర్పు చెప్పకూడదేమో."

"దేని గురించి ఉత్తరాలు?" అన్నారు.

"నేను ఆవిడ పేరు మరీ ఎక్కువగా రాస్తున్నానని పోట్లాట" అన్నాను.

అవతల నవ్వు వినపడింది. "అభ్యర్థి తరఫువాళ్ళు సైటేషన్లు తగ్గించమని అడగడం మేమెక్కడా వినలేదు. ఆ ఉత్తరాలు కూడా జతచేయండి" అన్నారు. జతచేశాను. నిన్ను అడగకుండా చేశాను, తప్పే. నీ నాలుగు ఉత్తరాలూ, పదిహేడు పేజీలూ, తా.క.లతో సహా ఫైల్లో ఉన్నాయి.

ఫారంలో చివరి ప్రశ్న ఇది: ఈ రంగంలో అభ్యర్థికి సాటి రాగలవారు ఎవరు? నా పేరు రాసుకోవాలని చెయ్యి ఎంత పీకిందో నీకు తెలియదు. ఆఖరి రోజు దాకా ఖాళీగా ఉంచి ఇలా రాశాను: "దగ్గరగా వచ్చినవారు ఒకరున్నారు. పదమూడేళ్ళుగా రెండో స్థానంలోనే ఉన్నారు. ఈ మాట ఖచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే ఈ రిపోర్టు రాస్తున్నది ఆవిడే."

శుక్రవారం కమిటీ కూర్చుంది. మీ ఆవిడ ప్రొఫెసరైంది. ఆ సంగతి నీకీపాటికి తెలిసే ఉంటుంది. తెలియని సంగతొకటుంది. ఫలితం చెప్పాక ఫైలు కాపీ అభ్యర్థికి ఇస్తారు. ఇచ్చారు. చదివింది. నిన్న మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది.

పదమూడేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు విన్నాను. నలభై నిమిషాలు మూడో బొమ్మ గురించి కొట్టుకున్నాం. ఇంత హాయిగా ఎవరితోనూ పోట్లాడలేదు. ఆమె కొత్త పేపర్లో నా పేరు వేసిన మాట నిజమేనట, కానీ ముందుగా ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతిలో ఇంటిపేరులో ఒక అక్షరం తారుమారైంది. నా తొట్టతొలి సైటేషన్ వెళ్ళి పుట్టగొడుగుల మీద పనిచేసే ఒక పెద్దాయన ఖాతాలో పడింది. ఆయన ఆశ్చర్యపడుతూ ఉండి ఉంటాడు. దిద్దిస్తానని మాటిచ్చింది.

అంతా అయ్యాక ఆమె గొంతు మారింది. పేరు తీయించింది నువ్వేనని కోపం వచ్చిందనుకున్నాను. అది కాదు.

"ఆ ఐసు బకెట్టు సంగతి ఆయనకి గుర్తుందా?" అంది. "నేను ఏడ్చానని కూడానా? నాతో ఎప్పుడూ అనలేదే."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"మేకు సంగతి, స్టవ్వు సంగతి, నా అక్షరాలు కోలగా ఉంటాయని... ఇవన్నీ మీకు రాశారు. పన్నెండేళ్ళలో నాకు ఒక్క ముక్క రాయలేదు. బజారు సామాను జాబితా తప్ప" అంది. ఆ తరువాత తేల్చి చెప్పేసింది: "మీరంటే నాకెప్పుడూ కుళ్ళే. ఇప్పుడు రెండింతలైంది."

తమ్ముడూ, నా పని మీద ఆమెకి కుళ్ళని తెలిసిన రోజున ఎగిరి గంతేశాను. నిన్న మాత్రం గంతేయబుద్ధి కాలేదు. కాబట్టి ఇదే నా ఆఖరి ఉత్తరం. జవాబు రాయకు. ఆ కాగితం మీద ఆమెకి రాయి. వర్క్‌షాపు చిరునామా వద్దు, ఇంటి చిరునామాకే పోస్టు చెయ్యి.

ఇట్లు,
మీ ఇద్దరి మీదా ఓర్వలేక, మీ ఇద్దరి మంచీ కోరే అక్కయ్య

తా.క.: తొందరగా రాయి. నాకు నాలుగు, తనకి సున్నా అని ఆమె అప్పుడే లెక్కపెట్టేసింది.